మీకు తెలుసా? కార్తీకం నుంచి శ్రీరామనవమి దాకా బెంగళూరు వంటింటి వింతలు!

మీకు తెలుసా? బెంగళూరులో నీళ్లు 100 డిగ్రీల దాకా ఆగవు! 97 డిగ్రీలకే తెర్లిపోతాయి! ఊరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంది కదా, గాలి ఒత్తిడి ఇక్కడ తక్కువ. అందుకే విజయవాడ అమ్మమ్మ చెప్పిన లెక్క చూసి దించేస్తే కందిపప్పు ఇక్కడ పలుకు మీదే ఉండిపోతుంది! తప్పు పప్పుది కాదు. మీది అసలే కాదు. ఎత్తుది! మూత పెట్టండి, ఇంకాసేపు ఉడకనివ్వండి.

కాస్త దగ్గరికి జరగండి! కార్తీకం నుంచి శ్రీరామనవమి దాకా ఈ ఊరి పొయ్యి మీదా, మేడ మీది కుండీల్లోనూ ఇలాంటి వింతలు బోలెడు! ఒక్కొక్కటీ చెవిలో వేస్తా.

బెంగళూరుకు చలి వచ్చిందని ఎవరు చెబుతారో తెలుసా? వేరుశనక్కాయలు! కార్తీకం ఆఖరి సోమవారం బసవనగుడిలో కడలెకాయ్ పరిషె! దొడ్డ బసవన్న గుడి ముందు రోడ్డు పొడుగునా కాయల గుట్టలే గుట్టలు! పచ్చివి, వేయించినవి, ఉడకబెట్టినవి! లోపల కూర్చున్న నంది ఎత్తు 15 అడుగులు! ఒకప్పుడు చేలోని కాయలన్నీ మేసేసిన ఎద్దు ఈయనేనట! అందుకే ఏటా తొలి పంట ఆయనకే!

అసలు వింత కాయలో ఉంది! వేరుశనగ పువ్వు పూసేది మట్టి పైన. కాయ కాసేది మట్టి కింద! పువ్వు రాలగానే ఊడ దిగుతుంది. వంగి, నేలను గుచ్చుకుని, 2 అంగుళాల లోతుకు పోయి అక్కడ చీకట్లో కాయ కడుతుంది! అనంతపురం రైతును అడగండి, ఊడలు దిగే వేళకు ఒక్క వాన పడితే చాలంటాడు! నమ్మకం కుదరకపోతే వెడల్పాటి కుండీలో నాలుగు గింజలు వేయండి. మట్టి గుల్లగా ఉంచండి. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చూపించండి!

ఇంకో మాట! మన రాయలసీమ ప్రాణమనుకునే ఈ కాయ మన దేశానిదే కాదు! దక్షిణ అమెరికాది! పోర్చుగీసు ఓడలెక్కి 16వ శతాబ్దంలో మన తీరం చేరింది! అంతకుముందు మన ఇళ్లలో పల్లీ పచ్చడి లేదు! ఊహించుకోండి!

ఈ ఊరి చలి ఉత్త చలి కాదు సుమా! 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది! ఆ రికార్డు ఇప్పటికీ అలాగే ఉంది!

పొద్దున్నే కొబ్బరినూనె సీసా బోర్లిస్తే చుక్క రాలదా? నూనె పాడవలేదు! కొబ్బరినూనె కరిగేది 24 డిగ్రీల దగ్గర. అంతకంటే చల్లబడితే గడ్డే! థర్మామీటర్ లేని ఇంట్లో ఆ సీసాయే థర్మామీటర్! తెల్లగా పేరుకుందంటే వంటింట్లో వేడి 24 దాటలేదని అర్థం. చూశారా, ఎంత కచ్చితంగా చెబుతుందో!

అదే చలికి దోసెల పిండి మొరాయిస్తుంది! పిండిని పొంగించే సూక్ష్మజీవులకు ఇష్టమైన వేడి 30 డిగ్రీలు. బెంగళూరు జనవరి రాత్రి అందులో సగం దగ్గరికి పడిపోతుంది! పాపం, అవి నెమ్మదిగా పనిచేస్తాయి. చిటికెడు మెంతులు ఎక్కువ వేసి రుబ్బండి. గిన్నెను దుప్పట్లో చుట్టండి. లేదా లైటు వేసిన ఓవెన్‌లో పెట్టి తలుపు మూయండి. పొద్దున్నకి పిండి మూత దాటి వస్తుంది!

ఇప్పుడు వస్తోంది అసలు కథానాయిక! నా లెక్కలో బెంగళూరు చలికాలానికి రాణి ఒక్కతే. అనపకాయ! కన్నడిగుల అవరెకాయి! డిసెంబరు, జనవరిలో మాగడి నుంచి, హోస్కోటె నుంచి, మన తెలుగు గలగలలాడే చింతామణి నుంచి బస్తాలు బస్తాలుగా దిగుతుంది! ఏటా జనవరిలో ఒక్క ఈ గింజ కోసమే ఒక మేళా! 2000 ప్రాంతంలో వి.వి.పురం తిండి వీధిలో మొదలై, జనం పట్టక చివరికి బసవనగుడి నేషనల్ కాలేజీ మైదానానికి చేరింది! అక్కడ వంటకాలు 100 దాటిపోతాయి! అనప గింజల దోసె, అనప గింజల అక్కిరొట్టె, పడ్డు, హోళిగె… ఆగండి, జిలేబీ కూడా!

ఈ కాయ చలికాలంలోనే ఎందుకు కాస్తుందో తెలుసా? దానికి పొద్దు తెలుసు! పగలు కురచైతేనే నాటు అనప పూత పడుతుంది! పొద్దు పొడుగ్గా ఉన్నన్నాళ్లు ఎన్ని నీళ్లు పోసినా, ఎంత ఎరువు వేసినా ఆకులే ఆకులు! పోనీ బెంగళూరులో పెద్ద పగటికీ చిన్న పగటికీ తేడా ఎంతో చూడండి. గంటన్నర! అంతే! ఆ మాత్రం తేడాను ఒక తీగ లెక్కపెట్టి పట్టుకుంటుంది! నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు!

హెబ్బాళ శాస్త్రవేత్తలు ఊరుకుంటారా! పొద్దుతో పని లేకుండా ఏడాది పొడుగునా కాసే రకాలు తయారుచేశారు. హెబ్బాళ్ అవరె 3, హెబ్బాళ్ అవరె 4! బెంగళూరు వ్యవసాయ విశ్వవిద్యాలయం బిడ్డలు! పొట్టి మొక్కలు, కుండీలోనూ ఒదుగుతాయి! అయినా పాతకాలపు వాళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తేగానీ కాయ కొనరు. వాళ్ల వైపే నా ఓటు కూడా!

ఆ వాసన గురించి చెప్పాలి! మంచి అనపకాయ ముడితే వేళ్లకు జిడ్డు అంటుతుంది. చేతులు కడిగినా ఆ వాసన పోదు! గుబాళింపు గింజలో లేదు, తొక్క మీది ఆ జిడ్డులో ఉంది! అందులో ముఖ్యమైనవి 2 కొవ్వు ఆమ్లాలు. మంచు బాగా కురిసిన కాయకే వాసన ఎక్కువని ఇక్కడి రైతులు ఒట్టేసి చెబుతారు! కొనేటప్పుడు వేళ్లు జిడ్డవుతున్నాయా లేదా చూడండి. కాకపోతే పక్క బుట్టకు నడవండి!

మదనపల్లె, చిత్తూరు వాళ్లకు పితికిన పప్పు చారు అని ఒక్క మాటంటే చాలు, కళ్లు మెరుస్తాయి! గింజలు ఒలిచి 8 గంటలు నానబెట్టాలి. తరువాత ఒక్కో గింజనూ రెండు వేళ్ల మధ్య పెట్టి పితకాలి. తొక్క ఇటు, పప్పు అటు! టప్పున ఎగిరి గోడకు తగులుతుంది! ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చుని పితికినా గిన్నె నిండదు! అందుకే మార్కెట్‌లో పితికిన పప్పు ధర చూసి ఉలిక్కిపడకండి. ఆ ధర గింజది కాదు, వేళ్లది!

ఇంత చిన్న గింజకు వయసు ఎంతో ఊహించండి! బళ్లారి దగ్గర సంగనకల్లు తవ్వకాల్లో అనప గింజలు బయటపడ్డాయి. 3000 ఏళ్ల పైమాటే! ఇనుము ఇంకా మన వంటింటికి రాకముందే దక్షిణాది పొయ్యి మీద అనప ఉడికింది!

ఒక జాగ్రత్త మాత్రం చెవిన వేసుకోండి. ఎండిన ముదురు అనప గింజల్లో సహజంగానే కొంచెం విషపదార్థం ఉంటుంది! పచ్చివి నమలకండి. నానబెట్టి, బాగా ఉడకబెట్టి, ఆ మొదటి నీళ్లు పారబోయండి. లేత పచ్చి గింజలకూ ఉడుకే మందు!

అనప పక్కనే ఇంకో చలికాలపు చుట్టం, పచ్చి కందికాయ! ఉప్పు నీళ్లలో ఉడకబెట్టి సాయంత్రం ఒలుచుకు తింటుంటే ఎన్ని తిన్నామో లెక్కే తెలియదు! మరి లెక్క చెప్పనా? ఆ మొక్కలో 48,680 జన్యువులు ఉన్నాయని అంచనా! మనిషికంటే రెట్టింపుకు పైనే! ఆ లెక్క తేల్చిన బృందానికి ముందు నిలిచింది మన హైదరాబాద్ పక్కనే పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్! కందిపప్పును ఇక చులకనగా చూడకండి!

సంక్రాంతి వచ్చేస్తోంది! సంక్రాంతి ఎప్పుడూ జనవరి 14నే అనుకుంటున్నారా? కాదు! పండగ కదులుతోంది! సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున ముందుకు జరుగుతోంది! స్వామి వివేకానంద పుట్టింది 1863 జనవరి 12న. ఆ రోజు ఏమిటో తెలుసా? సంక్రాంతి!

ఆ రోజు బెంగళూరు ఆడపిల్లలు పట్టుపరికిణీలు కట్టి ఇల్లిల్లూ తిరిగి ఎళ్లు బెల్ల పంచుతారు! అందులో 5 వస్తువులు. నువ్వులు, బెల్లం, ఎండుకొబ్బరి, వేరుశనగ, వేయించిన శనగపప్పు. పొయ్యి మీద పాకం లేదు, గరిట తిప్పడం లేదు! కొబ్బరినీ బెల్లాన్నీ పిసరు పిసరుగా తరగడంలోనే ఉంది పనితనమంతా! ఇక్కడ స్థిరపడ్డ తెలుగు ఇళ్లలో ఒక పళ్లెంలో అరిసెలు, ఇంకో పళ్లెంలో ఎళ్లు బెల్ల. పక్కింటి వాళ్లకు ఇటు, మనకు అటు! ఇంతకంటే మంచి ఇచ్చిపుచ్చుకోవడం నాకు తెలియదు!

చలిలో నువ్వులే ఎందుకంటారా? చిన్న గింజను గోటితో నొక్కి చూడండి. మరక పడిందా? నువ్వు గింజ బరువులో దాదాపు 50 శాతం నూనే!

కార్తీకం, మార్గశిరం దాటేసరికి కొత్త రాగులు కూడా ఇల్లు చేరతాయి! మనం సంగటి అంటాం, వాళ్లు ముద్దె అంటారు, గిన్నెలో ఉన్నది మాత్రం ఒకటే! 100 గ్రాముల రాగుల్లో ఉన్న కాల్షియం అంతే బరువు ఆవుపాలలో ఉన్నదానికి దాదాపు 3 రెట్లు! పితికిన పప్పు చారులో రాగి సంగటి ముంచుకు తిన్నవాళ్లకు ఈ అంకె చెప్పక్కర్లేదు. అయినా చెబుతున్నా, ఎందుకంటే ఎంత చెప్పినా నాకు తనివి తీరదు!

పదండి, మేడ ఎక్కుదాం! మీ కుండీలో ఎర్రమట్టి ఉందా? గుప్పెడు తీసుకోండి. మీ చేతిలో ఉన్నది కొండ పొడి! ఈ ఊరి కింద పరుచుకున్న పాత రాతి పొరలు అరిగి అరిగి ఆ మట్టి అయ్యింది. ఆ రాయిని చూడాలంటే లాల్‌బాగ్ గుట్ట ఎక్కండి. వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు! భూమి మీద ఇంకా ఒక్క పువ్వూ పూయని కాలం నాటిది! మీ పుదీనా వేళ్లు పెట్టుకున్నది అందులోనే!

కొబ్బరిపీచు పొట్టు ఇటుక చూశారా? ఎండు ఇటుక బరువు 5 కిలోలు. నీళ్లు పోసి గంట ఆగండి. దాదాపు 70 లీటర్ల తొట్టి నిండా పొంగుతుంది! మేడ మీద బరువు పెరగకూడదనుకునే వాళ్లకు ఇది వరమే. ఎర్రమట్టి, పశువుల ఎరువు, ఈ పొట్టు. మూడూ కలిపితే కుండీ సిద్ధం!

ధనియం గింజ ఒకటి అనుకుంటున్నారా? అది ఒకటి కాదు, 2! గుండ్రటి ధనియాన్ని చపాతీ కర్రతో మెల్లగా నలిపి చూడండి. రెండు చెక్కలవుతుంది. ప్రతి చెక్కలో ఒక విత్తనం! నలపకుండా వేసి, మొలకలు రాలేదని విత్తనాల కొట్టువాడిని తిట్టేవాళ్లు ఎందరో! నలపండి, ఒక రాత్రి నానబెట్టండి, చల్లండి. చలి ఉండగానే చల్లండి! మార్చి ఎండ తగిలిందంటే కొత్తిమీర ఆకు మానేసి పూతకు పరుగెడుతుంది!

మెంతులకు అంత ఓపిక అక్కర్లేదు! చల్లిన 3 రోజులకే తల ఎత్తుతాయి! వంటింటి డబ్బాలోని మెంతులే చాలు, ప్రత్యేకంగా విత్తనాలు కొనక్కర్లేదు. పాత ప్లాస్టిక్ ట్రే చాలు, కిటికీ అంచు చాలు!

మెంతి మీద ఇంకో కథ! అమెరికాలో న్యూయార్క్ నగరాన్ని ఏళ్ల తరబడి ఒక తియ్యటి వాసన కమ్మేసేది. ఎక్కడినుంచో తెలియదు! జనం ఫోన్ల మీద ఫోన్లు! అధికారులు గాలి దిశ లెక్కలు వేసి వెతికి వెతికి 2009లో పట్టేశారు. నది అవతల న్యూజెర్సీలోని ఒక కర్మాగారం. అక్కడ ఆడుతున్నవి ఏమిటో తెలుసా? మెంతులు! మహానగరాన్ని హడలగొట్టింది మన పోపుల పెట్టెలో మూలన పడి ఉండే గింజ!

టమాటా మొక్క నిండా పూత, ఒక్క పిందె లేదు! ఎందుకు? రాత్రి వేడి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే టమాటాకు హాయి. బెంగళూరు చలికాలం సరిగ్గా అదే ఇస్తుంది! ఏప్రిల్‌లో మండే ఎండకు పూలు రాలిపోతాయి. అందుకే నారు చలికాలం మొదట్లోనే పోయండి!

ఇంకో కారణం కూడా ఉంది, అది మరీ తమాషా! టమాటా పువ్వు పుప్పొడిని లోపల దాచుకుని తలుపులు బిగించుకుంటుంది. తేనెటీగ వచ్చినా తెరవదు! ఎవరైనా గట్టిగా వణికించాలి! నీలిచారల తేనెటీగ అని ఒకటుంది. ఆస్ట్రేలియాలో దాన్ని వీడియో తీసి చూశారు. పువ్వును తలతో సెకనుకు 350 సార్లు కొడుతోంది! పుప్పొడి జలజలా రాలుతోంది! దాని చుట్టాలు మన దేశంలోనూ ఉన్నాయి, మేడ మీది వంగపూల దగ్గర ఝుమ్మని వినపడితే తొంగి చూడండి! అవి రాని ఇంట్లో మీరే ఆ పని చేయండి. పొద్దున పదింటికి పూగుత్తి కాడను వేలితో టకటకా తట్టండి. వారంలో పిందె కనిపిస్తుంది!

ఊరి చివర హెసరఘట్టలో భారత ఉద్యాన పరిశోధన సంస్థ ఉంది. వాళ్ల అర్క రక్షక్ టమాటా పేరు విన్నారా? ఆకుముడత, వడలు తెగులు, ఆకుమాడు తెగులు, మూడింటినీ ఒక్కటే తట్టుకుంటుంది! ఒక రైతు పొలంలో ఒక్క మొక్క ఇచ్చిన కాయలు ఎంతో తెలుసా? దాదాపు 19 కిలోలు! మొక్క ఒక్కటే, మళ్లీ చెబుతున్నా!

ఇప్పుడు మన ఇంటి రహస్యం! మనం బెంగళూరు వంకాయ అంటాం కదా, అదే సీమ వంకాయ. అది వంకాయ కాదు, బెంగళూరుదీ కాదు! సొర, బీరల కులానికి చెందిన తీగకాయ. పుట్టిల్లు మెక్సికో! 1874లో లాల్‌బాగ్ బాధ్యత తీసుకున్న జాన్ కామెరాన్ హయాంలో ఇక్కడ వేళ్లూనింది! అప్పుడు లాల్‌బాగ్ మళ్లలో మొలిచిన పరదేశీ కూరలే ఇప్పుడు మన రోజువారీ కూరలు. సాంబారులో ముక్క తేలినప్పుడు ఆ తోటను ఒకసారి తలుచుకోండి!

సీమ వంకాయను నాటడమూ వింతే! కాయకు 1 గింజే! అది కాయను వదిలి బయటకు రాదు. కాయలోనే మొలకెత్తి, నాలుక చాపినట్టు మొలక బయట పెడుతుంది! అందుకే విత్తనం వెతక్కండి. కాయను కాయగానే, సగం మట్టిలో సగం పైకి ఉండేలా పడుకోబెట్టండి. పందిరి మాత్రం గట్టిగా వేయండి!

మేడ తోట వాళ్లకు ఈ ఊళ్లో ఒక జాతరే ఉంది! పేరు ఊట ఫ్రమ్ యువర్ తోట. మీ తోట నుంచే మీ భోజనం అన్నమాట! 2011 నుంచి జరుపుతున్నారు. విత్తనాలు, నారు, ఎరువులు, సలహాలు, అన్నీ ఒక్కచోటే! కిలో టమాటా కొనడానికి వెళ్లినవాళ్లు పది రకాల నారు మోసుకుని వస్తారు!

ఫిబ్రవరి! ద్రాక్షల వేళ! ఈ ఊరి పేరు పెట్టుకున్న బెంగళూరు బ్లూ ద్రాక్షకు 2013లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చింది. నలుపు నీలం కలిసిన తొక్క, జారిపోయే గుజ్జు, గది నిండే వాసన! దాని వంశం అమెరికా ద్రాక్షది. అందుకే ఆ ఘాటు పరిమళం! గింజలున్నాయని వదిలేస్తున్నారా? పప్పుగుత్తితో చిదిమి, వడగట్టి, చిటికెడు ఉప్పు వేసి తాగి చూడండి!

వీధి చివర హాప్‌కామ్స్ కొట్టు ఉంది కదా, పళ్లు కూరలు అమ్మేది? అది పుట్టిందే ద్రాక్ష కోసం! 1959లో ఉద్యానవేత్త డాక్టర్ మరిగౌడ చొరవతో ద్రాక్ష రైతుల సహకార సంఘంగా మొదలైంది! ఇప్పటికీ ఏటా ద్రాక్ష, పుచ్చకాయల మేళా పెడతారు!

బెంగళూరు గులాబీ ఉల్లిని చూశారా? చిన్నగా, ముదురు గులాబీ రంగులో ముద్దొస్తుంది! 2015లో దానికీ జీఐ గుర్తింపు! అయినా బెంగళూరు కూరల సంచిలో అది అరుదు! పంట చాలావరకు ఓడెక్కి మలేసియా, సింగపూర్ వెళ్లిపోతుంది! మన కడప కృష్ణాపురం ఉల్లిదీ అదే దారి!

మాఘం పోయి ఫాల్గుణం వచ్చిందా? బీర, సొర, కాకర విత్తనాలు బయటకు తీయండి! ఒక చిన్న పరీక్ష పెడతా. బీరపువ్వు ఎప్పుడు విచ్చుకుంటుంది? పొద్దున అనుకున్నారు కదూ! కాదు! సాయంత్రం 5 తరువాత! సొరదీ అదే పద్ధతి, సందెవేళ తెల్లగా విచ్చుకుంటుంది. నేతిబీర మాత్రం తెల్లవారుజామునే లేస్తుంది! పొద్దున తోటలో తిరిగి, పిందెలు నిలబడట్లేదని బాధపడేవాళ్లకు ఇదే జవాబు. ఆఫీసు నుంచి వచ్చాక మేడ ఎక్కండి. ఒక మగపువ్వు తుంచి, కింద బుల్లి కాయ ఉన్న ఆడపువ్వులో పుప్పొడి అద్దండి. మీ బీరకాయ మీ చేతి చలవే!

ఉగాది! బెంగళూరు ఇళ్లలో బేవు బెల్ల అంటే వేపపూత, బెల్లం, ఆ రెండే! మనకేమో 6 రుచులు ఉండాల్సిందే! పక్కపక్క వాకిళ్లలో ఒకే పొద్దున రెండు గిన్నెలు. రెండూ రుచి చూసేవాళ్లే అదృష్టవంతులు!

వేపపూత కోసం కొమ్మ విరవకండి! ఒక్క వేప గుత్తిలో 150 నుంచి 250 పూలుంటాయి! రాత్రి చెట్టు కింద పాత చీర పరవండి. తెల్లారేసరికి పూత దానంతట అదే రాలి ఉంటుంది! మిగిలింది నీడన ఆరబెట్టి సీసాకెత్తండి. నేతిలో వేయించి చారులో వేస్తే జ్వరం పడి లేచిన నోటికి ప్రాణం లేచొస్తుంది!

ఉగాది పచ్చడిలో కారం ఎక్కడిది? మిరపది! మరి మిరప ఎక్కడిది? అమెరికాది! 1498లో వాస్కో డ గామా ఓడ కేరళ తీరానికి తగిలాకే ఆ ఘాటు మన దేశానికి దారి చూసుకుంది! గుంటూరుకు మిరప తెలియని రోజులు ఉన్నాయంటే నమ్ముతారా? అప్పట్లో కారమంటే మిరియాలే!

చింతపండు మాత్రం మనదే కదా అంటున్నారా? అయ్యో, అదీ ఆఫ్రికా నుంచే! కానీ ఎంత పాతగా వచ్చిందంటే, ఇక పరాయిది అనడానికి మనసొప్పదు! దేవనహళ్లి దగ్గర నల్లూరులో ఒక చింతతోపు ఉంది. విమానాశ్రయానికి దగ్గరలోనే! 54 ఎకరాలు! మొదళ్లు మెలికలు తిరిగి, తొర్రలు పడి, అయినా కాపు కాస్తున్న చెట్లు! కొన్నిటి వయసు 400 ఏళ్లు దాటింది! మన దేశంలో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించిన మొట్టమొదటి చోటు అదే, 2007లో! విమానం ఎక్కించడానికి వెళ్లినప్పుడు ఒక గంట ముందు బయలుదేరి ఆ తోపు చూసి రండి. నా మాట మీద వెళ్లండి!

మామిడి సంగతి వినండి! పూత కాలంలో చెట్టు నిండా వేల వేల పూలు. కాయగా నిలిచేవి? వందకు 1 కూడా కష్టమే! పులిహోరలోకి తురిమిన ఆ ఒక్క కాయ ఎన్ని గండాలు గడిచి వచ్చిందో చూడండి! తొక్క కూడా పారేయబుద్ధి కాదు!

ఉగాది ఒబ్బట్టుకు పప్పు ఉడకబెట్టిన నీళ్లు పారబోస్తున్నారా? ఆపండి! అందులో 1 చెంచా పూర్ణం, చింతపండు, కొబ్బరి, సాంబారు పొడి వేసి మరిగించండి. అదే ఒబ్బట్టు సారు! మన కట్టు చారుకు తోబుట్టువు! మరుసటి రోజుకు ఇంకా రుచి!

చైత్రంలో పనస పిందెలు దిగుతాయి! గోదావరి వాళ్లు ఆవ పెట్టిన పనసపొట్టు కూర కోసం బెంగళూరులో ఎన్ని మార్కెట్లు తిరుగుతారో వాళ్లకే తెలుసు! ఆ పిందెను కోయకుండా వదిలేస్తే ఎంతవుతుందో తెలుసా? 2016లో పుణెలో తూచిన ఒక పనసకాయ 42.72 కిలోలు! చెట్టుకు కాసే కాయల్లో ప్రపంచ రికార్డు! చేతులకు నూనె రాసుకుని మొదలుపెట్టండి, జిగురు సంగతి తెలుసుగా!

శ్రీరామనవమికి చామరాజపేట ఫోర్ట్ హైస్కూల్ మైదానంలో సంగీతం! శ్రీరామసేవా మండలి 1939 నుంచి జరుపుతున్న ఉత్సవం! ఊరంతా వీధి వీధిలో పానకం, నీరు మజ్జిగ, కోసంబరి పంచుతారు. మూడింటికీ పొయ్యి మీద ఉడికించే పనే లేదు! పెసరపప్పు నానితే చాలు. మన వడపప్పుకు కాస్త కొబ్బరి, కాస్త మామిడి తురుము, ఇంగువ పోపు తోడైతే అదే కోసంబరి! అందులో కీరదోస ముక్కలు వేస్తారు చూడండి, ఆ కీరదోసలో 95 శాతం నీళ్లే! నమిలి తాగే నీళ్లన్నమాట! ఎండలో ఆడి వచ్చి నీళ్లు తాగనని మొండికేసే పిల్లలకు ఈ మాట చెప్పి గిన్నె చేతికివ్వండి. రెండోసారి వాళ్లే అడుగుతారు!